టార్పెడో హబ్బు ఆత్మకథ

నా ఒంటి మీద ‘టార్పెడో’ అన్న పేరూ 38 అన్న అంకే కనిపిస్తాయి. 1938లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో పుట్టానని ఆ అంకె చెబుతుంది. సైకిలు వెనక చక్రం నడుమ ఉండే హబ్బును నేను. పెడలు వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది.

మాది బేరింగుల ఊరు. ఉక్కు గుండ్లను ఒకే కొలతలో సానపట్టే యంత్రాన్ని ఫ్రీడ్రిష్ ఫిషర్ 1883లో అక్కడే చేశాడు. సైకిలు పందేల్లో తిరిగిన ఎర్న్‌స్ట్ సాక్స్, కార్ల్ ఫిఖ్టెల్‌తో కలిసి 1895లో కంపెనీ పెట్టాడు. మా వంశానికి 1903లో రూపమిచ్చింది ఆయనే. ఆ బేరింగుల తయారీని దెబ్బతీయడానికే 1943లో మా ఊరి మీద అమెరికా బాంబులు కురిశాయి.

యుద్ధం ముగిశాక ఒక వలస కుటుంబంతో ఓడెక్కి ఆస్ట్రేలియా వచ్చాను. విక్టోరియాలోని బొనెగిల్లా శిబిరం మా తొలి మజిలీ. 1947 నుంచి 1971 దాకా మూడు లక్షల మందికి పైగా ఆ రేకుల షెడ్లలో దిగారు. తర్వాత మెల్‌బోర్న్‌లో ఫ్యాక్టరీకి రోజూ తిరిగాను. డాండెనాంగ్ కొండల వాలు దారుల్లో నా గ్రీజు మాడిపోయేది. బ్రేకు పుట్టించే వేడంతా నా కడుపులోనే ఉంటుంది కదా. చివరికి బిగుసుకుపోయి మూల పడ్డాను.

నన్ను బ్రన్స్‌విక్ ఈస్ట్‌లో సెరెస్ పార్కులోని ‘బైక్ షెడ్’కు తెచ్చినవాడు తెలుగువాడు. స్వచ్ఛంద సేవకులు నడిపే వర్క్‌షాపు అది. తెనాలిలో తండ్రి సైకిలు షాపులో పానాలు అందిస్తూ పెరిగిన చేతులు అతనివి.

“కొత్త చక్రం కొంటే పోదా నాన్నా?” అంది కూతురు.

“ఓవరాయిలింగు చేస్తే చాలమ్మా. చూస్తూ ఉండు.”

విప్పిన ప్రతి ముక్కనూ వచ్చిన వరసలోనే గుడ్డ మీద పేర్చాడు. కిరోసిన్‌తో కడిగాడు. వేడికి తట్టుకునే గ్రీజు రాసి, అయిదు రోలర్లనూ వాటి గూళ్ళలో అతికించాడు. ముందుకు తొక్కినప్పుడు అవి పైకి జరిగి నా గోడను పట్టుకుంటాయి. తొక్కడం ఆపితే వదిలేస్తాయి. వెనక్కి తొక్కితే బ్రేకు కోను పక్కకు జరిగి, చీలిక ఉన్న గొట్టాన్ని విప్పారజేసి నా లోపలి గోడకు ఒత్తుతుంది. ఇంత తెలివిని ఇంత చిన్న చోట ఇమిడ్చినవాళ్ళంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

ఆ రోలర్లను మోసే ‘డ్రైవరు’ అనే ముక్కను నా లోపలికి దింపేటప్పుడు అవి అడ్డుపడ్డాయి. బలం పెట్టలేదతను. వెనక్కి తిప్పుతూ దింపాడు, అవి లోపలికి ముడుచుకుని దారిచ్చాయి. బ్రేకు గొట్టం గాడిని బ్రేకు ఆర్మ్ వైపున్న కోను పంటితో కలిపాడు. బేరింగు కోనును ఇరుసు ఊగకుండా, బిగుసుకోకుండా సరిచేశాడు. కూతురు తిప్పి చూసింది. చక్రం చాలాసేపు తిరిగింది.

మీ ఇంట్లో నాలాంటి హబ్బు ఉంటే పారేయకండి. మంచి మెకానిక్కుకు చూపించండి. ఎక్కే ముందు మాత్రం బ్రేకు ఆర్మ్ ఫ్రేముకు గట్టిగా బిగించి ఉందో లేదో చూసుకోండి. అది ఊడితే నేను సైకిలును ఆపలేను.