తప్పు దొరక్కుండా వెతకడం ఎలా?

పటమటలో అద్దె గదైనా, గన్నవరం మేధా టవర్స్ అయినా, వెబ్ పేజీలు రాసేవాళ్లందరిదీ ఒకటే తంతు. బటన్ నొక్కితే ఏమీ జరగదు. వెంటనే కోడ్ మధ్యలో కన్సోల్ లాగ్ పెట్టి "ఇక్కడికొచ్చింది" అని రాస్తారు. అది కనబడితే కాస్త కిందికి దిగి "ఇక్కడికొచ్చింది 2". ఏడో నంబరుకి చేరేసరికి ఒకటో నంబరు ఎక్కడ పెట్టారో గుర్తుండదు. ప్రతి ఆబ్జెక్ట్ కడుపులో ఏముందో విప్పి చూపించే ఇన్‌స్పెక్టర్ అనే సరంజామా బ్రౌజర్లోనే ఉంది. 2006లో జో హ్యూవిట్ ఫైర్‌బగ్ విడుదల చేసిన నాటి నుంచీ అందుబాటులో ఉన్న సంగతే. ఇన్నేళ్లు దాని జోలికి పోకుండా ఉండాలంటే పట్టుదల కావాలి. అలాంటి పట్టుదల ఉన్నవాళ్ల కోసం ఈ సూచనలు.

ముందుగా, ఆబ్జెక్ట్‌ని విడిగా లాగ్ చేయకండి. "బుట్ట:" అనే మాటకి ప్లస్ గుర్తుతో అతికించండి. "ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్" అని వస్తుంది. పెళ్లికొడుకు ఎలా ఉన్నాడని అడిగితే "మనిషిలా ఉన్నాడు" అన్నట్టు.

మెనూ వెనక్కి పోతోందా? జెడ్-ఇండెక్స్ 9999 ఇవ్వండి. పొజిషన్ ఇవ్వని మామూలు పెట్టెకి ఆ అంకెని బ్రౌజర్ పట్టించుకోదు. కాబట్టి ఇంకో తొమ్మిది చేర్చండి.

అన్నిటికన్నా గొప్ప కిటుకు: లాగ్ చేసినదాన్ని వెంటనే విప్పకండి, టీ తాగొచ్చి తీరిగ్గా విప్పండి. నూజివీడు రసాలు అమ్మే పేజీ ఒకటుందనుకుందాం. బుట్టని లాగ్ చేస్తే కన్సోల్‌లో "ఖాళీ" అని పడింది. పక్కనున్న బుల్లి త్రికోణం నొక్కితే లోపల మూడు పెట్టెల మామిడిపళ్లు! ఖాళీ అన్నదీ అదే వరుస, మూడున్నాయన్నదీ అదే వరుస. ఇక జుట్టు పీక్కోవడమే. నిజానికి క్రోమ్ అబద్ధమాడలేదు. పైవరుస లాగ్ చేసిన క్షణంలో రాసింది. లోపలి వివరాలు మాత్రం మొదటిసారి విప్పిన క్షణంలో చదివింది. ఈలోగా సర్వర్ నుంచి పళ్లొచ్చి పడ్డాయి. ఆ సంగతి చెప్పడానికి పక్కనే చిన్న "ఐ" గుర్తు కూడా ఉంటుంది. దాని మీద మౌస్ ఆనించిన మనిషిని ఈ వ్యాసకర్త ఇంతవరకు చూడలేదు, అద్దంలో సహా.

కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్లకి ఇది తట్టకపోవడమే వింత. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులొచ్చి 2009 నాటి రికార్డు చెరిగిపోయింది. ఎండాకాలంలో అదే బ్యారేజీ మీద నిలబడి దిగువకి చూస్తే ఇసుక తిన్నెలు. "వరదేది? అంతా అబద్ధం" అని ఎవరూ అనరు. ఇన్ని క్యూసెక్కులని చెప్పేవాళ్లు ఏ గంటకో కూడా చెబుతారు. పేజీ రాసే మన కుర్రాడు మాత్రం లాగ్ చేసే క్షణంలో కోడ్‌ని ఆపే బ్రేక్‌పాయింట్ పెట్టడు, అప్పటికప్పుడు కాపీ తీసి లాగ్ చేయడు. చేస్తే తప్పు దొరికిపోతుంది కదా.

ప్రాపర్టీ పేరు స్పెల్లింగు అస్సలు చూడకండి. లేని ప్రాపర్టీని అడిగినా జావాస్క్రిప్ట్ కసురుకోదు, "అన్‌డిఫైన్డ్" అని మర్యాదగా చెప్పి ఊరుకుంటుంది. వెటకారం కాసేపు పక్కన పెడితే, ఈ వ్యాసకర్త ఒక రాత్రంతా సర్వర్‌ని తిట్టుకున్నాడు. తెల్లారాక ఆబ్జెక్ట్ విప్పితే, పిన్‌కోడ్ అనే పేరులో ఒక్క అక్షరం పెద్దబడిలో ఉంది. విప్పడానికి పట్టింది రెండు సెకన్లు. అంతసేపూ విప్పకపోవడానికి కారణం బద్ధకం కాదు. విప్పితే తప్పు తనదేనని తేలుతుందేమోనని లోపల ఎక్కడో గుబులు.

తెలుగు మాటల దగ్గర మాత్రం కంటినే నమ్మండి. "కృష్ణా" చూడ్డానికి రెండక్షరాలు. లెంగ్త్ అడిగితే 6 అంటుంది: క, వట్రుసుడి, ష, పొల్లు, ణ, దీర్ఘం. 2018 ఫిబ్రవరిలో ఇలాంటి ఒక్క "జ్ఞా" ప్రపంచమంతా ఐఫోన్లని వణికించింది. దాని మధ్యలో కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ దూరి ఉంటే చాలు, ఐఓఎస్ 11.2.5లో ఆ అక్షరాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చాకే గండం గడిచింది. పైకి అంతా జ్ఞానమే, లోపల ఐదు సంకేతాలు.

ఇంకా దొరక్కపోతే సీనియర్‌ని పిలవండి. ఆయనొచ్చి ఇన్‌స్పెక్టర్ తెరవగానే బగ్ మాయమవుతుంది. ప్యానెల్ పక్కన తెరుచుకుని పేజీ వెడల్పు తగ్గింది, దాంతో ఫోన్ల కోసం రాసిన స్టైల్ అమల్లోకొచ్చింది. "బాగానే ఉందిగదరా?" "ఇందాకటిదాకా లేదన్నా, నిజంగా!"

పనయ్యాక లాగులు తీయకండి. (తెలుగులో ఈ మాట చెప్పడం కాస్త ఇబ్బందే.) వ్యాసకర్త ఒకసారి లాగ్ చాలదని ఏకంగా అలర్టే పెట్టాడు, తీయడం మరిచాడు. తెనాలి నుంచి ఒక పెద్దాయన పళ్లకి ఆర్డర్ నొక్కితే తెర మీద "ఇక్కడికొచ్చింది 4" అని వచ్చింది. గంట ఆగి ఫోన్ చేశాడాయన.

"ఎక్కడికొచ్చింది బాబూ? వీధి చివరిదాకా వెళ్లి చూశాను, బండేదీ లేదే."