పొగరాయుళ్ళకు తొమ్మిది చిట్కాలు

బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదని 2003లో చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2న, సరిగ్గా గాంధీ జయంతి నాడు, నిబంధనలు బిగించారు. అప్పట్లో కొందరు బెంగపడి మానేద్దామా అని కూడా ఆలోచించారు. పాపం! జరిమానా మహా అయితే 200 రూపాయలు. అదీ పట్టుకుంటేనే. అసలు పేచీ చట్టంతో కాదు, "బాబూ, కాస్త అవతలికెళ్ళి తాగుతారా" అని అడిగే పక్క మనిషితో. ఆ ఒక్క నోరు మూయించడం వచ్చిందంటే ఊరంతా మీ యాష్‌ట్రేయే. కింది చిట్కాలు వరసగా పాటించండి.

1. ముందు హక్కు, తర్వాత అగ్గిపుల్ల

వెలిగించాక వాదనకు దిగితే తప్పు చేసి దొరికినట్టుంటుంది. వాదిస్తూ వెలిగిస్తే పౌరహక్కుల నాయకుడిలా ఉంటుంది. "స్వతంత్ర దేశంలో ఉన్నామండీ" అని మొదలుపెట్టండి. రాజ్యాంగం 19వ అధికరణ పేరు చెప్పి అక్కడే ఆగిపోండి. ఇంకాస్త ముందుకెళితే 21 తగులుతుంది. అది ప్రాణానికి సంబంధించింది. దాన్ని 1999లో కేరళ హైకోర్టూ, 2001లో మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టూ పొగ తాగనివాళ్ళ పక్షాన చదివేశాయి. ఎదుటివాళ్ళు అంతదాకా చదివుండరు. మీరు గుర్తు చేయకండి.

2. కదల్లేని జనం మధ్య నిలబడండి

ఖాళీ మైదానంలో తాగితే ఎవరిక్కావాలి? బస్టాపు ఎంచుకోండి. బస్సు వచ్చేదాకా ఎవరూ ఎక్కడికీ పోలేరు. చంటిపిల్లను ఎత్తుకున్నావిడ ముందు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. తర్వాత పిల్ల మొహం మీద కూడా కప్పుతుంది. ఆఖరికి సంచీ పట్టుకుని షెల్టరు దాటి ఎండలోకి జరుగుతుంది. ఆవిడ ఖాళీ చేసిన బెంచీ మీద దర్జాగా కూర్చోండి. నోరు తెరిచి అడగలేదంటే అభ్యంతరం లేనట్టే. ఫిల్టరు మీ వైపు, నిప్పు వాళ్ళ వైపు ఉండేలా సిగరెట్టును తయారుచేసినవాళ్ళు ముందే ఏర్పాటు చేసిపెట్టారు. మనం చేయాల్సిన పని ఏమీ మిగల్లేదు.

3. ఆఫీసులో మెట్ల మలుపు మీదే

పొగ తాగకూడని చోట యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు పెట్టకూడదని నిబంధన. టీ కప్పు గురించి ఒక్క ముక్క లేదు. కాబట్టి కాగితం కప్పు అడుగున గుక్కెడు టీ మిగల్చండి. పీక అందులో వేస్తే చుయ్యిమని ఆరిపోతుంది. కప్పును కిటికీ గూట్లో పెట్టి వెళ్ళిపోండి, ఊడ్చే ఆయమ్మ తీస్తుంది. ఫైర్ డోరు మాటిమాటికీ మూసుకుపోతుంటే ఇటుకరాయి అడ్డం పెట్టండి. బిల్డింగు అంటుకున్నప్పుడు పొగ మెట్ల మీదికి రాకుండా ఆపడానికి పెట్టిన తలుపది. ఈ బిల్డింగు ఇంతవరకూ అంటుకోలేదు కదా!

4. రైల్లో అతి చేయకండి

2023 ఆగస్టులో తిరుపతి నుంచి సికింద్రాబాద్ వెళ్ళే వందే భారత్‌లో టికెట్టు లేని ఒకాయన టాయిలెట్లో గడియ పెట్టుకుని వెలిగించాడు. అలారం మోగింది, మంటలార్పే పొడి దానంతటదే చిమ్మింది, జనం హడలిపోయారు, రైలు నెల్లూరు జిల్లా మనుబోలులో ఆగిపోయింది. పోలీసులు కిటికీ అద్దం పగలగొట్టి చూస్తే మంటా లేదు గింటా లేదు, ఆయనగారున్నారు. ధైర్యం మెచ్చుకోవాల్సిందే, తెలివి మాత్రం సున్నా. మీరు స్లీపర్ బోగీ తలుపు దగ్గర నిలబడి గాలికి ఎదురుగా వదలండి. వదిలిందంతా తిరిగి లోపలికే వస్తుంది. ఎవరైనా దగ్గుతూ వస్తే "బయటికే కదండీ వదులుతున్నా" అని చెయ్యి చూపించండి. చెయ్యి నిజంగానే బయట ఉంటుంది.

5. హోటలు యజమానులకు ప్రత్యేకం

30 సీట్లు, ఆపైన ఉన్న రెస్టారెంట్లో పొగ తాగేవాళ్ళకు విడిగా గది పెట్టుకోవచ్చు. మీకు ఇరవై ఆరే ఉన్నాయా? కాలు విరిగిన కుర్చీని, గల్లాపెట్టె దగ్గరి స్టూలును, వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీని, మీ అబ్బాయి చక్రాల కుర్చీని కలపండి. చుట్టూ గోడలు, దానంతటదే మూసుకునే తలుపు, గాలి బయటికి లాగే ఏర్పాటు ఉండాలంటారు. ఒక తెర, ఒక టేబుల్ ఫ్యాను చాలు. ఫ్యాను ఫ్యామిలీ సెక్షన్ వైపు తిప్పండి, తాగేవాళ్ళకు ఉక్కపోయదు.

అరవై సెంటీమీటర్ల వెడల్పు, ముప్పై ఎత్తు బోర్డు కూడా పెట్టాలి. పెట్టండి. కాకపోతే దాని మీద దేవుడి క్యాలెండరు తగిలించండి. దేవుణ్ణి తీసేయమని ఎవరంటారు? ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరు రాయాలంటారా? కిందటేడు మానేసి దుబాయ్ వెళ్ళిపోయిన మేనేజరు పేరు రాయించండి.

6. సాకులు జేబులో ఉంచుకోండి

అగ్గిపెట్టె మర్చిపోయినా ఫరవాలేదు, ఇవి మర్చిపోవద్దు.

"కళ్ళు మండుతున్నాయండీ" అంటే: "ముందు ఆ లారీ పొగ ఆపించండి."
"ఆరోగ్యానికి మంచిది కాదు" అంటే: "మా తాత చుట్ట తాగి తొంభై ఏళ్ళు బతికాడు." ఆయన పక్కన కూర్చున్న నాయనమ్మ ఎన్నేళ్ళు బతికిందో చెప్పకండి.
"నేరం కదండీ" అంటే: "ప్రభుత్వం అమ్మనివ్వడమెందుకు, పన్ను తీసుకోవడమెందుకు?"
"మానేయొచ్చుగా" అంటే గొంతు గద్గదం చేసి: "నేను మానేస్తే ఒంగోలు పొగాకు రైతు గతేమిటి?" మీరు జీవితంలో ఒంగోలు వెళ్ళి ఉండక్కర్లేదు.

హెడ్మాస్టరు, లైబ్రేరియన్, పోస్ట్‌మాస్టరు, స్టేషన్ మాస్టరు కూడా జరిమానా రాయొచ్చని నిబంధనలో ఉంది. వాళ్ళకు మాత్రం సాకులు చెప్పొద్దు, నమస్కారం పెట్టండి. "పోనీలెండి, పెద్దమనిషి" అనుకుని వాళ్ళే తల తిప్పుకుంటారు.

7. బొమ్మ చూడకుండా కొనండి

2016 నుంచి పెట్టె మీద 85 శాతం జాగా భయంకరమైన బొమ్మా, హెచ్చరికా. పొద్దున్నే అది చూడ్డం అశుభం. లూజు కొనండి. కిళ్ళీకొట్టువాడు పెట్టె తన దగ్గరే ఉంచుకుని ఒక్కటి తీసిస్తాడు, గుంజకు వేలాడే తాడు కొసన నిప్పు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మీ పిల్లాణ్ణి పంపితే ఇంకా హాయి. 18 నిండనివాళ్ళకు అమ్మకూడదు నిజమే, కానీ "నాన్నకండీ" అంటే ఏ కొట్టువాడైనా ఇచ్చేస్తాడు. చిల్లర పిల్లాడికే వదిలేయండి, దారి అలవాటవుతుంది.

8. ఇల్లు మీ సామ్రాజ్యం

చట్టం గడప దగ్గర ఆగిపోతుంది. బాల్కనీ తలుపు బార్లా తీసి బాల్కనీలో తాగండి. ఇంట్లోవాళ్ళు తలుపు వేస్తే అలగండి. మొదటి ఏడాది మీ ఆవిడ అంటుంది, రెండో ఏడాది గొణుగుతుంది, మూడో ఏడాది పిల్లల పరుపు అవతలి గదిలోకి మార్చి ఊరుకుంటుంది. గెలిచారు. చిన్నదానికి రాత్రిళ్ళు ఆయాసం వస్తే వాతావరణం మీద వేయండి. డాక్టరు "ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా" అని అడిగితే, "ఇంట్లో తాగనండీ" అనండి. బాల్కనీ ఇల్లెలా అవుతుంది?

9. వారసుణ్ణి తయారుచేసుకోండి

పై ఎనిమిదీ శ్రద్ధగా చేస్తే తొమ్మిదోది దానంతటదే జరుగుతుంది. విద్యాసంస్థలకు 100 గజాల లోపు అమ్మకూడదు కాబట్టి, మీ అబ్బాయి కాలేజీ గేటు నుంచి నూట ఒకటో గజంలో కొట్టుంటుంది. ఓ సాయంత్రం అటుగా వెళ్తూ వాణ్ణి అక్కడ చూస్తారు. బండి ఆపి కాలరు పట్టుకుంటారు. వాడు చెయ్యి విదిలించుకుని, స్వతంత్ర దేశమనీ, 19వ అధికరణనీ, ఆ లారీ పొగనీ, ముత్తాత చుట్టనీ, ఒంగోలు రైతునీ ఒక్కటి పొల్లుపోకుండా అప్పజెప్తాడు. మీ దగ్గర జవాబుండదు. చదువు వంటబట్టినందుకు సంతోషించి, ఉంటే ఒక అగ్గిపుల్ల అడిగి పుచ్చుకోండి.