ఎటు గుద్దినా కారుకే

ప్రజాతీర్పు ఎన్నాళ్లు పాచిపోకుండా ఉంటుందో తెలుసుకోవాలంటే రంగారెడ్డి జిల్లా మహేశ్వరం ఓటరును అడగాలి. 2014లో ఆయన సైకిల్‌కు ఓటేశాడు. గెలిచింది సైకిలే, వచ్చింది మాత్రం కారు. 2018లో పట్టుబట్టి ఆ కారును ఓడించి చేతిని గెలిపించాడు. మూడు నెలలు తిరిగేసరికి మళ్లీ కారే వచ్చి వాకిట్లో నిలబడింది.

మొదటిసారి సైకిల్ దిగి కారెక్కిన పెద్దమనిషి హైదరాబాద్ మాజీ మేయర్ తీగల కృష్ణారెడ్డి. పదేళ్లపాటు ఎన్నికలే లేక ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్న మహానగరం 2002లో నేరుగా ఓట్లేసి మేయర్‌ని చేసుకున్నది ఈయననే. నగరం మొత్తం ఆయన నియోజకవర్గం. ఏ ఎమ్మెల్యేకు ఉంటుంది అంత సామ్రాజ్యం?

సామ్రాజ్యమైతే ఉంది గానీ అందులో చక్రవర్తి చేతికిచ్చింది కత్తెరొక్కటే, రిబ్బన్లు కత్తిరించుకోమని. ఫైలు మీద సంతకం కమిషనర్‌ది. నల్లా నీళ్లు జలమండలివి. లేఅవుట్లు హుడావి. ట్రాఫిక్ పోలీసులది. వానొచ్చి రోడ్డు చెరువైతే పడే తిట్లు మాత్రం అచ్చంగా మేయర్‌వి. వాటిలో ఎవరూ వాటా అడగరు. పైగా 2004లో రాష్ట్రంలో కాంగ్రెస్ వచ్చింది, బల్దియాలో తెలుగుదేశం మేయర్ మిగిలారు. ‘ప్రథమ పౌరుడు’ అనిపించుకుంటూ సచివాలయం మెట్ల దగ్గర నిలబడటం ఎలా ఉంటుందో 2007 దాకా చూశారు. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టినా వచ్చే జ్ఞానం ఒక్కటే: మనల్ని ఎవరు గెలిపించారన్నది కాదు, సర్కారు ఎవరిదన్నది ముఖ్యం.

ఆ జ్ఞానంతో 2009లో మహేశ్వరంలో దిగి కాంగ్రెస్ అభ్యర్థి సబితా ఇంద్రారెడ్డి చేతిలో ఓడారు. 2014లో గెలిచారు. సర్కారేమో గులాబీది. ఏడాది తిరక్కుండానే పసుపు కండువా మడతపెట్టి గులాబీది కప్పుకున్నారు. కారణమా? ఇలాంటప్పుడు మన నాయకులందరికీ ఉండే కారణమే, నియోజకవర్గ అభివృద్ధి. పాపం, ఆ అభివృద్ధి ఎన్నడూ ప్రతిపక్షం బెంచీల వైపు నడిచి రాదు, ఎమ్మెల్యేనే దాని దగ్గరికి వెళ్లాలి.

ఇలాంటి ప్రయాణాలను అడ్డుకుందామని 1985లోనే రాజ్యాంగానికి పదో షెడ్యూలు తగిలించారు. 2003లో దాన్ని ఇంకా బిగించారు: మూడో వంతు మంది చీలితే చెల్లదు, మూడింట రెండొంతుల మంది వెళ్తేనే విలీనం. అంటే ఒకడు దూకితే నేరం, గుంపుగా దూకితే శాస్త్రోక్తం. 2014లో తెలంగాణలో తెలుగుదేశం గెలిచినవి 15 సీట్లు. 2016 నాటికి అందులో 12 మంది కారులో ఉన్నారు, స్పీకర్ గారు విలీనం ముద్ర వేశారు. అందరికంటే ముందు దూకినవాళ్లు కూడా ఆ లెక్కలో పావనమైపోయారు. గంగలో మునిగితే గత జన్మల పాపాలు పోతాయంటారు, విలీనంలో మునిగితే గతేడాది ఫిరాయింపు పోతుంది.

ఇక 2018. ఈసారి సైకిలూ చెయ్యీ కూటమి కట్టాయి. తమ సైకిల్ మీద గెలిచి వెళ్లిపోయిన మనిషిని ఓడించడానికి పసుపు జెండా కార్యకర్త మనసు చంపుకుని చేతికి గుద్దాడు. తీగల ఓడారు, సబిత 9 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. కక్ష తీరిందని కార్యకర్త నిద్రపోయాడు. 2019 మార్చిలో లేచి చూసేసరికి సబితమ్మ కారులో ఉన్నారు. జూన్‌లో మళ్లీ విలీనం, మళ్లీ 12 మందే (ఆ అంకె మీద తెలంగాణ శాసనసభకు ఏదో మమకారం ఉంది). సెప్టెంబరుకల్లా ఆమె విద్యాశాఖ మంత్రి.

ఓడినాయన, ఓడించినావిడ, ఇద్దరూ ఒకే కారులో. స్టీరింగ్ ఆవిడ చేతిలో, ఆయన డిక్కీలో. ఓటరుకు అన్యాయం జరిగిందని ఆయనకు 2014లో తోచలేదు గానీ 2022లో మాత్రం సొంత పార్టీ మంత్రి మీదే బాహాటంగా విరుచుకుపడ్డారు. ఫిరాయింపు ఎంత బాధిస్తుందో ఫిరాయించినవాడికే బాగా తెలుస్తుంది కాబోలు.

ఇన్ని దెబ్బలు తిన్న మహేశ్వరం ఓటరుకు 2023 నాటికి తెలివి వచ్చింది. ఎటు గుద్దినా పోయేది కారుకే అయినప్పుడు మధ్యలో ఈ సైకిళ్లూ చేతులూ ఎందుకని నేరుగా కారుకే గుద్దేశాడు. సబిత గెలిచారు. ఆమె ఈసారి పార్టీ మారలేదు కూడా. కానీ సర్కారే మారిపోయింది, హస్తం వచ్చింది! అధికార పక్షం ఎమ్మెల్యే కావాలని అడిగి తెచ్చుకున్నవాడికి అచ్చమైన ప్రతిపక్ష ఎమ్మెల్యే దక్కిందంటే ఇంతకంటే దురదృష్టవంతుడు ఉంటాడా?

తీగల మాత్రం ఆలస్యం చేయలేదు. 2024 ఫిబ్రవరిలో, జిల్లా పరిషత్ అధ్యక్షురాలైన కోడలితో కలిసి మూడు రంగుల కండువా కప్పుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో చంద్రబాబును కలిసి, మళ్లీ తెలుగుదేశంలో చేరతానని ప్రకటించారు. పత్రికలు దీన్ని ‘సొంత గూటికి’ అని రాస్తాయి, మనమూ అలాగే చదువుకుందాం. తెలంగాణ అసెంబ్లీలో ఒక్క సీటూ లేని పార్టీ, అంతకు ముందు ఎన్నికల్లో పోటీయే చేయని పార్టీ. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు, జీవితంలో మొదటిసారి ఈయన అధికారం లేని వైపు నడుస్తున్నారేమిటని. వాళ్లకు భూగోళం రాదు. అధికారం హైదరాబాద్‌లో లేకపోతేనేం, జూన్ నుంచి అమరావతిలో ఉందిగా!