వీసా లేని దీవి

కృష్ణా జిల్లాలో ఒక దీవి ఉందన్న సంగతి అందరికీ తెలుసు, ఆ దీవికి పోయే బస్సెక్కిన వాళ్ళకు తప్ప. చల్లపల్లిలో ఎక్కి, మోపిదేవి వార్పు దాటి, అవనిగడ్డలో దిగి, పని చూసుకుని, టీ తాగి తిరిగొచ్చిన మనిషిని పట్టుకుని "దీవి ఎలా ఉందండీ?" అంటే, "ఏ దీవి?" అని ఎదురడుగుతాడు. పులిగడ్డకు ఎగువన కృష్ణ రెండు పాయలైంది. ఆ రెండు పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ చిక్కిన నేలే దివిసీమ. చుట్టూ నీళ్ళే గనక భూగోళం పుస్తకం లెక్కలో ఇది దీవి. విమానం ఎక్కే పని లేదు గనక బంధువుల లెక్కలో కాదు.

ఈ అన్యాయాన్ని సరిదిద్దే భారం చల్లపల్లి ఆసామి ఒకాయన నెత్తికెత్తుకున్నాడు. సీమాభిమానంతో కాదు, అక్కగారి మొగుడి బాధ పడలేక. బెజవాడలో ఉండే ఆ బావగారు ఈమధ్యే శ్రీలంక చూసొచ్చారు. చూసొచ్చిన వాళ్ళు ఊరుకుంటారా? గాల్ కోట, కొలంబో వీధులు, యాల అడవిలో చిరుతపులి... పులంటే పూర్తి పులి కాదు, పొదలోకి దూరిపోతుండగా ఫోనుకు దొరికిన తోక. ఆ తోకను చల్లపల్లిలో చూడని వాళ్ళు లేరు.

"తీరం, నగరం, అడవి, తిండి. నాలుగూ ఒకే దీవిలో! మీకేముందయ్యా ఇక్కడ, చెరుకూ అరటీ తప్ప?" అన్నారు బావగారు.

"రేపు నాతో రండి బావగారూ. ఆ నాలుగూ సాయంత్రంలోగా చూపిస్తా. వీసా సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు ఆసామి.

తెల్లారి కారు ఊరు దాటకముందే తొలి అంతర్జాతీయ వివాదం. బావగారు బిస్కెట్ కాగితం కిటికీలోంచి వదిలారు. 2014 నవంబరు నుంచి తెల్లవారుజామునే చీపుళ్ళూ పారలూ పట్టుకుని వీధుల్లోకి వచ్చే స్వచ్ఛంద కార్యకర్తల ఊరది. ఆసామి కారాపించి, దిగి, ఆ కాగితాన్ని వెతికి తెచ్చి బావగారి చేతిలోనే పెట్టాడు. "కొలంబోలో కూడా రోడ్లు శుభ్రమే," అని గొణిగి ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నారు.

మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడికి దణ్ణం పెట్టుకోకుండా కారు కదలదు. పాము చుట్టల మీద లింగరూపంలో ఉన్న స్వామి. పుట్టలో పాలు పోసేవాళ్ళు, చెవులు కుట్టించుకుని ఆకాశం అదిరేలా ఏడ్చే పసివాళ్ళు, వాళ్ళ పక్కన ఇంకా పెద్దగా మాట్లాడే మేనమామలు. అక్కణ్ణించి పులిగడ్డ అక్విడెక్టు. కింద నది, దాని మీదుగా దివిసీమ పొలాలకు పోయే కాలువ.

"నీళ్ళ మీద నీళ్ళు పోవడమేమిటయ్యా?" బావగారు మొదటిసారి కారు దిగి ఫోటో తీశారు.

అయినా పట్టు వదల్లేదు. శ్రీలంకను పోర్చుగీసులు, డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు వరసగా ఏలారనీ, అంత గిరాకీ ఉన్న దీవి అదనీ అన్నారు. ఆసామి దగ్గర దానికీ జవాబుంది. 18వ శతాబ్దం నడుమ ఫ్రెంచివాళ్ళు బందరుతో పాటు ఈ దీవినీ చేజిక్కించుకున్నారు. 1759లో ఇంగ్లీషువాళ్ళు బందరు కోట పట్టుకోవడంతో వాళ్ళ ఆట కట్టయింది. "కొట్టుకునే వాళ్ళు మాకూ ఉన్నారండీ. మేం చెప్పుకోలేదంతే."

ఇక నగరం. దివిసీమకు న్యూయార్కూ లండనూ అన్నీ అవనిగడ్డే. ఈ ఊరి పరిశ్రమ డీఎస్సీ కోచింగు. రాష్ట్రం నలుమూలల నుంచీ కాబోయే పంతుళ్ళు వచ్చి, గదులు అద్దెకు తీసుకుని, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ చదువుతుంటారు. గదుల్లో, మెస్సుల్లో, జిరాక్సు షాపుల దగ్గర ఎక్కడ విన్నా బిట్లే. బావగారు టీకొట్టు దగ్గర ఓ కుర్రాణ్ణి "కోడూరు ఎంత దూరం బాబూ?" అని అడిగారు. కుర్రాడు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. నాలుగు జవాబులు చెప్పి సరైనది గుర్తించమంటాడేమోనని ఆసామి భయపడ్డాడు గానీ, పాపం ఒకటే చెప్పాడు. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను దగ్గరుండి జరిపించిన మండలి వెంకటకృష్ణారావు ఈ సీమ మనిషేనని కూడా, అడక్కపోయినా, చెప్పాడు. అదీ బిట్టే అయ్యుంటుంది.

కోడూరు మీదుగా హంసలదీవి. కృష్ణ పాయ సముద్రంలో కలిసే చోటుకు దగ్గరి ఊరు, వేణుగోపాలస్వామి కోవెల, మాఘ పౌర్ణమికి సముద్రస్నానాల కోసం ఇసుక కనపడనంత జనం. అందరి పాపాలూ కడిగి కడిగి నల్లబడిన గంగ, కాకి రూపంలో తీర్థాలన్నీ మునిగి, చివరికి ఇక్కడ మునిగి తెల్లని హంసయిందని స్థలపురాణం. పాలకాయతిప్ప దగ్గర బావగారు హుషారుగా పంచె బిగిస్తుంటే ఆసామి చెవిలో వేశాడు.

"బావగారూ, మోకాళ్ళ దాకా దిగండి చాలు. తల మాత్రం ముంచకండి."

"ఏం, అలలు పెద్దవా?"

"అలలు కాదు. మొన్ననే కదా తలకు రంగేయించుకున్నారు. ఇక్కడ నల్లనిది తెల్లనవుతుంది."

తర్వాత చాలాసేపు బావగారు మాట్లాడలేదు. కరకట్ట మీదికొచ్చాక గానీ నోరు విప్పలేదు. "ఈ గట్టెందుకయ్యా, సముద్రం కనపడకుండా అడ్డం?"

ఆసామి పరాచికాలు కట్టిపెట్టాడు. 1977 నవంబరు 19. ఆ రోజు ఉప్పెన కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. అధికారిక లెక్కలే పోయినవాళ్ళు పదివేల దాకా అన్నాయి. ఇక్కడి వాళ్ళు ఆ లెక్కను ఇప్పటికీ నమ్మరు. సొర్లగొంది లాంటి ఊళ్ళలో కొన్ని ఇళ్ళకు దీపం పెట్టే మనిషి మిగల్లేదు. బావగారు కారు అద్దం దించి ఆ గట్టు వంకే చూస్తూ, "గాల్‌లో గైడు కూడా 2004 సునామీ గురించి చెబుతూ మధ్యలో ఆగిపోయాడయ్యా," అన్నారు. శ్రీలంక గురించి ఆయన గొప్పకు కాకుండా అన్న మాట ఆ రోజుకు అదొక్కటే.

నాగాయలంక చేరేసరికి మధ్యాహ్నం దాటింది, ఆకలి ఇద్దర్నీ ఏకం చేసింది. మెస్సులో అరిటాకు వేసి, పప్పుచారు పోసి, పక్కన వేయించిన ఉప్పుచేప పెట్టారు. తర్వాత చింతచిగురు రొయ్యలు. తర్వాత మెత్తళ్ళ ఇగురు. ఇన్ని వచ్చాక మండపీత వచ్చింది. కొలంబోలో పీతకు సైజును బట్టి ధర కట్టి, ముందు బతికున్నదాన్ని చూపించి, తర్వాత వండి తెచ్చారట. ఆ బిల్లు సంగతి అక్కగారికి ఇప్పటికీ తెలియదు. మడ అడవి బురదలో పెరిగే ఆ పీత ఇక్కడా అక్కడా ఒకటే బాపతు. మన తీరం పీతలు కూడా ప్రాణాలతోనే చెన్నై చేరి, విమానమెక్కి సింగపూరు దాకా పోతాయి. "మా ఊరి పీతకున్న పాస్‌పోర్టు నాకు లేదు బావగారూ," అని ఆసామి నిట్టూర్చాడు. బావగారు వినిపించుకోలేదు. డొప్ప పగలగొట్టే పనిలో ఉన్నారు. రెండోసారి అన్నం అడిగినప్పుడు శ్రీలంక ఊసే లేదు.

మిగిలింది అడవి. నాగాయలంక రేవులో పడవెక్కారు. ఇంకొంచెం దిగువన ఎదురుమొండి వాళ్ళు బళ్ళతో సహా పంటు మీద దాటుతారు. దీవిలో మళ్ళీ దీవులన్నమాట. 1989లో అభయారణ్యంగా ప్రకటించిన కృష్ణా మడ అడవులు 194 చదరపు కిలోమీటర్ల పైమాటే. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్లు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకునే వేళ్ళు. ఈ అడవి దొర బావురుపిల్లి. నీళ్ళంటే భయం లేని పిల్లి, దూకి మరీ చేపను పడుతుంది. చాలావరకు రాత్రిపూటే తిరుగుతుంది. దాన్ని ఎక్కువగా చూసినవి అటవీశాఖ పెట్టిన కెమెరాలే.

బావగారు ఫోను పైకెత్తి పట్టుకుని కూర్చున్నారు. పిల్లి రాలేదు. తోకా రాలేదు. ఒక కొంగ వచ్చి, ఫోను వంక చూసి, నచ్చక వెళ్ళిపోయింది.

ఇంతలో పడవ నడిపే మనిషి గుల్లలమోద వైపు చెయ్యి చూపించి, అక్కడ క్షిపణి పరీక్షా కేంద్రం వస్తోందనీ, 2025 మేలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారనీ చెప్పాడు. అంతే, బావగారిలో అప్పటిదాకా నిద్రపోతున్న బెజవాడ మనిషి లేచి కూర్చున్నాడు.

"రోడ్లు వెడల్పు చేస్తారన్నమాట! ఏమోయ్, ఈ చుట్టుపక్కల ఎకరం ఎంత చెబుతున్నారు?"

పడవ మనిషి చుక్కాని వదలకుండా, వినయంగానే అడిగాడు.

"పోటు మీదున్నప్పటి ఎకరమా అండి, పాటు మీదున్నప్పటిదా అండి?"

"రెండూ చెప్పవయ్యా," అన్నారు బావగారు, జేబులో కాగితం కోసం తడుముకుంటూ.