డీఆర్‌యూసీసీ మెంబరు

రైల్వే డివిజన్‌కు ప్రజల తరఫున సలహాలు చెప్పడానికి నియమితుడై, రెండేళ్ల పాటు అడిగే హక్కే తప్ప తెచ్చే అధికారం లేకుండా గడిపే పెద్దమనిషి డీఆర్‌యూసీసీ మెంబరు. డివిజనల్ రైల్వే వినియోగదారుల సంప్రదింపుల కమిటీ అన్న పూర్తి పేరు ఆయన నియామకపు ఉత్తరంలో ఒకసారి, విజిటింగ్ కార్డు మీద రెండుసార్లు కనిపిస్తుంది. ఊళ్లో ఆయన్ని ‘రైల్వే మెంబరుగారు’ అంటారు. ఆయన రైల్వేలో పెద్ద ఉద్యోగమే చేస్తున్నాడని సగం ఊరి నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టే పని ఆయన ఎన్నడూ పెట్టుకోడు.

ఈ పదవి పుట్టుక తెల్లదొరల కాలం నాటిది. రైల్వేల తీరుతెన్నులు విచారించడానికి 1920లో నియమించిన ఆక్వర్త్ కమిటీ, రైళ్ల నడకలో ఈ దేశ ప్రజల మాటకూ చోటుండాలని, అందుకు సలహా మండళ్లు వేయాలని మరుసటి ఏడాది చెప్పింది. 1924లో రైల్వేకు వేరే బడ్జెట్ రావడానికీ ఆ నివేదికే మూలం. స్వాతంత్ర్యం వచ్చాక, 1953లో, పాత స్థానిక సలహా సంఘాల స్థానంలో ఇప్పటి అంచెల ఏర్పాటు వచ్చింది. డివిజన్ కమిటీకి డివిజనల్ రైల్వే మేనేజరు (డీఆర్ఎం), జోన్ కమిటీకి జనరల్ మేనేజరు, ఢిల్లీలోని జాతీయ మండలికి రైల్వే మంత్రి అధ్యక్షులు. ఏ అంచెలో ఉన్నా మెంబరు పని ఒకటే. రైళ్ల వేళలు, కొత్త స్టేషన్లు, ప్రయాణికుల సౌకర్యాల గురించి అడగవచ్చు. సిబ్బంది నియామకాలు, బదిలీలు, క్రమశిక్షణ జోలికి పోకూడదు. మొదటి సమావేశంలో స్టేషన్ మాస్టరును బదిలీ చేయమని అడిగాక గానీ ఈ సంగతి చాలామందికి తెలియదు.

కమిటీలోకి దారులు కొన్ని ఉన్నాయి. వాణిజ్య మండళ్లు, ప్రయాణికుల సంఘాలు, వినియోగదారుల సంఘాలు, దివ్యాంగుల సంస్థలు తమ మనుషుల్ని పంపుతాయి. పార్లమెంటు సభ్యులు తమవాళ్ల పేర్లు సిఫారసు చేస్తారు. ఏ దారిన వచ్చినా మెంబర్లు కొన్ని రకాలుగానే తేలతారు. వాణిజ్య మండలి మెంబరుకు మనిషి ఎక్కే రైలు పట్టదు. గూడ్స్ షెడ్డు, వ్యాగన్లు, వాటిని ఆలస్యంగా ఖాళీ చేస్తే పడే డెమరేజీ, సరుకు తీసుకెళ్లకపోతే పడే వార్ఫేజీ, ఇవే ఆయన లోకం. 2020 జూలైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండుమిర్చి పార్శిల్ రైలులో వెళ్లిన కథను ఏ చర్చలోనైనా ఇరికించగలడు. ప్రయాణికుల సంఘం మెంబరు సాధారణంగా రిటైరైన బ్యాంకు అధికారి గానీ లెక్కల మాస్టారు గానీ అయి ఉంటాడు. పద్దెనిమిదేళ్ల టైంటేబుళ్లు ఆయన ఇంట్లో భద్రంగా ఉంటాయి. ఒక రైలు వేగం పెంచామని అధికారులు చెబితే, చివరి రెండు స్టేషన్ల మధ్య ఎన్ని నిమిషాలు అదనంగా కలిపారో లెక్కగట్టి చూపిస్తాడు. ఎంపీగారి సిఫారసు మెంబరు మాత్రం ఏమీ అడగడు. సంతకం పెడతాడు, టీ తాగుతాడు, ఫొటోలో మధ్యన నిలబడతాడు. అధికారులు ఎక్కువగా గౌరవించేది ఆయన్నే.

నియామకపు ఉత్తరం అందిన వారంలోనే మార్పులు మొదలవుతాయి. రైల్వే స్టేషన్ ఎదుట అభినందనల ఫ్లెక్సీ లేస్తుంది. కారు అద్దం మీదికి ఎర్రక్షరాల బోర్డు వస్తుంది. అంతకుముందు ప్లాట్‌ఫాం టికెట్ కొనకుండా లోపలికి వెళ్లే మనిషి ఇప్పుడు దర్జాగా కొని, ఆ టికెట్‌ను అందరికీ కనిపించేలా పట్టుకుని వెళ్తాడు. నడక కూడా మారుతుంది. మామూలు ప్రయాణికుడు రైలు వచ్చే వైపు చూస్తూ నడిస్తే, మెంబరు పైకప్పు చూస్తూ నడుస్తాడు. ఎక్కడ రేకు లేచిందో, ఏ ఫ్యాన్ తిరగడం లేదో, బోగీల బోర్డు ఏ అంకె దగ్గర ఆగిపోయిందో గుర్తు పెట్టుకుని, మరుగుదొడ్డి తలుపుకు గడియ లేకపోతే సెల్‌ఫోన్లో ఫొటో తీసుకుంటాడు. ఆ ఫొటో తీసే సమయంలో లోపల ఎవరైనా ఉంటే చిన్న గొడవ జరుగుతుంది.

సమావేశం డీఆర్ఎం ఆఫీసు హాల్లో జరుగుతుంది. వచ్చిపోవడానికి పాసు ఇస్తారు. ప్రశ్నలు ముందే రాసి పంపాలి. కమిటీ కార్యదర్శి అయిన సీనియర్ డివిజనల్ కమర్షియల్ మేనేజరు వాటిని సంబంధిత శాఖలకు పంపి, ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు ఉండేలా పుస్తకం అచ్చు వేయించి, జీడిపప్పు ప్లేటు పక్కన పెట్టిస్తాడు. అందువల్ల సమావేశం మొదలయ్యేసరికే సమావేశం అయిపోయి ఉంటుంది. జవాబుల్లో తరచూ కనిపించేవి నాలుగు. ‘నమోదు చేసుకున్నాం’ అంటే విన్నాం అని. ‘పరిశీలనలో ఉంది’ అంటే ఇంకా చదవలేదని. ‘నిర్వహణ రీత్యా సాధ్యం కాదు’ అంటే చదివామని. ‘రైల్వే బోర్డు పరిధిలోని అంశం’ అంటే ఇక అడగొద్దని.

ఈ జవాబుల పద్ధతి ఎలాంటిదో ఒక కుళాయి సంగతి చూస్తే తెలుస్తుంది. రెండో నంబరు ప్లాట్‌ఫాం మీద తాగునీటి కుళాయి లేదని మెంబరు రాశాడనుకుందాం. ‘కుళాయి ఉన్నది’ అని జవాబు వస్తుంది. మెంబరు లేచి, “ఉందండీ, నీళ్లే రావడం లేదు” అంటాడు. “ప్రశ్నలో నీళ్ల ప్రస్తావన లేదండీ” అంటాడు ఇంజినీరు. తర్వాతి సమావేశానికి నీళ్ల ప్రస్తావనతో ప్రశ్న వెళ్తుంది. ‘నీళ్లు నిరంతరం వచ్చుచున్నవి’ అని జవాబు. అది అక్షరాలా నిజం. ఈలోగా కుళాయి తల ఊడిపోయి రాత్రింబవళ్లు ధార కడుతూ ఉంటుంది. మూడో సమావేశంలో మెంబరు నీళ్లు ఆపమని అడుగుతాడు. అప్పుడు కుళాయిని బిగిస్తారు, సరిగ్గా పనిచేయడం మొదలుపెడుతుంది. ‘మెంబరు కృషితో తాగునీరు’ అని జిల్లా పేజీలో వార్త వస్తుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. ఆయన అడగకపోతే ఆ కుళాయిని ఎవరూ తలుచుకోరు.

మెంబరు జీవితాశయం కుళాయి కాదు, హాల్టు. తన ఊరి మీదుగా రోజూ వెళ్తూ ఆగని ఎక్స్‌ప్రెస్ ఒకటుంటుంది. దాన్ని ఆపించాలి. 2020 మార్చిలో కరోనా వల్ల ప్రయాణికుల రైళ్లన్నీ ఆగిపోయి, మళ్లీ తిరిగినప్పుడు అనేక చిన్న స్టేషన్ల హాల్టులు ఎగిరిపోయాక ఈ ఆశయం రెట్టింపయింది. ఉన్నదాన్ని తిరిగి తేవడం ఒకటి, లేనిదాన్ని తేవడం ఇంకొకటి. డివిజన్‌ను అడిగితే జోన్‌కు పంపామంటారు, జోన్‌ను అడిగితే బోర్డుకు పంపామంటారు. అదృష్టం బాగుంటే ‘ప్రయోగాత్మక హాల్టు’ దొరుకుతుంది. అంటే రైలు ఆగుతుంది గానీ, టికెట్ల రాబడి చాలకపోతే మళ్లీ ఆగదు. అక్కడితో మెంబరు ఊరికి అమ్మకాల ఏజెంటవుతాడు. “తిరుపతి ఎలాగూ వెళ్తావుగా, ఇక్కణ్నుంచే ఎక్కరా” అని బంధువుల్ని వేడుకుంటాడు. వరంగల్ జిల్లా నెక్కొండలో పద్మావతి ఎక్స్‌ప్రెస్ హాల్టు నిలబెట్టుకోవడానికి ఊరివాళ్లు చందాలు పోగేసి, ఎక్కే పని లేకున్నా టికెట్లు కొన్న వైనం 2024లో పత్రికలకెక్కింది. హాల్టు కోసం తపించే ప్రతి మెంబరూ ఆ వార్త కత్తిరించి ఫైల్లో పెట్టుకున్నాడు.

హాల్టు తర్వాత వరస పెద్ద ప్రశ్నలది. 2014 నాటి రాష్ట్ర విభజన చట్టం ఆంధ్రప్రదేశ్‌కు కొత్త రైల్వే జోన్, తెలంగాణకు కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు పరిశీలించమంది. ఆనాటి నుంచి విశాఖ మెంబరుకు జోన్, కాజీపేట మెంబరుకు ఫ్యాక్టరీ ఆస్తిలా దక్కాయి. దక్షిణ కోస్తా జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించి, ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. ఈ ఆరేళ్లూ ‘జోన్ ఎప్పుడు?’ అన్న ప్రశ్న అడగడం అందరికీ హాయిగా ఉండేది. జవాబు చెప్పగలవాడు ఆ గదిలో ఎవడూ లేడు కనుక ఎవరికీ ఇబ్బంది లేదు. అలాగే ఒకప్పుడు రైల్వే బడ్జెట్ రోజున ‘జిల్లాకు మొండిచేయి’ అని ప్రకటన ఇవ్వడం మెంబరు వార్షిక విధి. 2017 నుంచి ఆ బడ్జెట్ సాధారణ బడ్జెట్‌లో కలిసిపోవడంతో, ఆయన రైల్వే పనుల కేటాయింపులు చెప్పే పింక్ బుక్ వచ్చేదాకా ఆగి, అందులో తన లైనుకు వెయ్యి రూపాయలు కేటాయించిన సంగతి కనిపెట్టి, మొండిచేయిని అప్పుడు చూపిస్తున్నాడు.

మెంబరు విలువ ఊరికి తెలిసేది మాత్రం రాత్రి పదింటికి వచ్చే ఫోన్లలో. “బావగారూ, రేపు మద్రాసు వెళ్లాలి, వెయిటింగ్ లిస్టు నలభై మూడు. మీరు చూసుకోవాలి” అంటాడు తోడల్లుడి తమ్ముడు. ఎమర్జెన్సీ కోటాలో మంత్రులు, ఎంపీలు, రైల్వే పెద్దలు అడిగినవి పోగా మిగిలితే గదా మెంబరు ఉత్తరం దాకా వచ్చేది. అయినా లెటర్‌హెడ్ మీద రాసి పంపుతాడు. బెర్తు దానంతట అది ఖరారైతే, “డీఆర్ఎంతో నేనే మాట్లాడాను” అంటాడు. కాకపోతే, “ఆఖరి నిమిషంలో ఢిల్లీ నుంచి మంత్రిగారి కోటా వచ్చి పడింది” అంటాడు. పెళ్లిళ్ల సీజన్లో ఆయన ఫోన్ ఎక్కువగా చార్జింగులోనే ఉంటుంది.

వినతిపత్రం ఇచ్చే ఫొటో ఈ పదవికి ముఖ్యమైన దస్తావేజు. అందులో డీఆర్ఎం ఒక్కడే కాగితం వైపు చూస్తాడు, తక్కినవాళ్లంతా కెమెరా వైపు చూస్తారు. కాగితం ఎంత పొడవుంటే ఫొటోలో అంత బాగా పడుతుంది కాబట్టి, పాత కోరికలన్నీ కొత్తవాటికి కలుపుతూ పోతారు.

అధికారులు ఈ మనిషిని చూసి లోలోపల నవ్వుకుంటారు గానీ, ఒక విషయంలో ఆయన మీదే ఆధారపడతారు. డీఆర్ఎంలు సుమారు రెండేళ్లకొకరు మారిపోతారు. కొత్తగా వచ్చినవాడికి ఫలానా అండర్‌పాస్‌లో ఏటా వానలకు నడుంలోతు నీళ్లు నిలుస్తాయని ఫైలు చెప్పదు, మెంబరు చెబుతాడు. ‘ఈ పాదచారుల వంతెనకు మీ ముందరి ముందరి డీఆర్ఎంగారు ఒప్పుకున్నారండీ’ అని తేదీతో సహా, మినిట్స్ జిరాక్సు తీసి బల్ల మీద పెడతాడు. అధికారులకు బదిలీ ఉంది, సమస్యకు లేదు. ఆ సమస్య పక్కన ఏళ్ల తరబడి కూర్చునేవాడు ఒకడుండటం వల్ల, అది ఎప్పుడో ఒకప్పుడు ఒక ఓపికైన అధికారి చేతిలో పడుతుంది.

రెండేళ్లు నిండాక కొందరికి మళ్లీ అవకాశం వస్తుంది. అంతకుముందే, పదవిలో ఉండగానే, డివిజన్ మెంబర్లలో ఒకరిని జోన్ కమిటీకి ఎన్నుకుంటారు. ఆ ఎన్నికకు ముందు నెల రోజులు మెంబర్లు ఒకరికొకరు అతిగా శుభోదయాలు పంపుకుంటారు. గెలిచినవాడు జనరల్ మేనేజరు ముందు అవే ప్రశ్నలు అడుగుతాడు. మళ్లీ అవకాశం రానివాళ్లు గడువు తీరాక మాజీలవుతారు. కారు బోర్డు మీద ‘మాజీ’ అన్న మాట వీలైనంత సన్నటి అక్షరాలతో చేరుతుంది. ఫోన్లు తగ్గుతాయి. ప్రశ్నలు మాత్రం తగ్గవు. అవి కొత్త మెంబరు పేరుతో వెళ్తాయి, రాసిచ్చేది పాత మెంబరే.