తుపాకి రాములన్న

ఫ్రిస్కోలో రాములన్నని ఎరగని తెలుగువాడు ఉన్నాడంటే, వాడు నిన్న రాత్రే విమానం దిగి ఉండాలి. వాడికైనా సూట్‌కేసు బెల్టు మీదికి వచ్చేలోపు ఎవరో ఒకరు రాములన్న నంబరు ఇచ్చే ఉంటారు. సోనా మసూరి బస్తా ఏ కొట్లో రెండు డాలర్లు తక్కువ, పాత కామ్రీ కొనేటప్పుడు బానెట్ ఎత్తి ఏం చూడాలి, ఇండియా టిక్కెట్టు ఎన్ని నెలల ముందు తీసుకోవాలి, అన్నీ ఆయన దగ్గరే. డల్లాస్ చుట్టుపక్కల ప్రతి తెలుగు కాలనీలోనూ ఇలాంటి అన్న ఒకాయన ఉంటాడు. ఆయన ఒకటి కొంటాడు, మన చేత పది కొనిపిస్తాడు. బేరం కలిసొస్తే అది ఆయన గొప్ప, బెడిసికొడితే మన జాతకం.

తెలంగాణ పల్లెల్లో పిట్టలదొర అని ఒక వేషగాడు వచ్చేవాడు. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. అరుగు ముందు నిలబడి, పులిని ఎలా పడగొట్టాడో, దొరలు తనకి ఎన్ని ఊళ్ళు రాసిచ్చారో ఊపిరి తిప్పుకోకుండా కోతలు కోసేవాడు. జనం కడుపుబ్బ నవ్వి చేటెడు గింజలు పోసేవారు. ఆయనకే తుపాకి రాముడని ఇంకో పేరు. మా రాములన్నది సూర్యాపేట దగ్గర పల్లె. కట్టె తుపాకి పోయి టర్కీ తుపాకి వచ్చింది గాని, మిగతాదంతా అదే.

సంగతి ఎక్కడ మొదలైందంటే, పక్క కాలనీలో ఎవరింట్లోనో దొంగలు పడి బంగారం పట్టుకుపోయారు. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని అమెరికా దొంగలకి తెలిసి చాలా ఏళ్ళయింది. మా ఆవిడ కెమెరా పెట్టిద్దామంది. ఆ సాయంత్రమే రాములన్న వచ్చి, సోఫాలో కూర్చుని, అల్లం టీ సగం తాగి తీర్పు చెప్పాడు.

"ఇంట్ల ముప్పై తులాల బంగారం పెట్టుకొని తలుపుకు పది డాలర్ల గొళ్ళెం పెడతవా తమ్మీ? పిస్తోలు ఉండాలె. పైసల గురించి పరేషాన్ కాకు. మస్తు చవక మాల్ వస్తుంది."

తర్వాత గంటసేపు ఆయన చెప్పింది పెళ్ళిళ్ళ పేరయ్య సంబంధాలు చెప్పినట్టే ఉంది. నల్ల సముద్రం ఒడ్డున టర్కీలో మూడు ఊళ్ళున్నాయట: సాంసన్, గిరేసున్, ట్రాబ్జోన్. గిరేసున్ వైపు హేజల్‌నట్ తోటలకి పెట్టింది పేరు. ఆ కాయలతో పాటే గిర్సాన్ పిస్తోళ్ళు. ట్రాబ్జోన్ నుంచి టిసాస్. సాంసన్ నుంచి కానిక్. దీన్ని టర్కీవాళ్ళు జానిక్ అంటారు, అమెరికావాళ్ళు కానిక్ అంటారు, రాములన్న కనకం అంటాడు. వంటింట్లోంచి మా ఆవిడ "ఎంత కనకం అన్నయ్యగారూ?" అని అడిగింది కూడా.

"కనకం టీపీ9 ఉన్నది చూడు, దాని నమూనా జర్మనీ వాల్తర్ పీ99ది. అంటే వాల్తర్‌కు మేనకోడలు వరుస."

వాల్తర్ అనగానే విశాఖపట్నం వాణ్ణి కనక నాకు వాల్తేరు గుర్తొచ్చి ఒళ్ళు పులకరించింది. సగం సంబంధం అక్కడే కుదిరిపోయింది.

టర్కీ నచ్చకపోతే ఫిలిప్పీన్స్ ఉందన్నాడు. మారికినా అని అక్కడ చెప్పులకి పేరుపడ్డ ఊరు. ఆ ఊరి ఆర్మ్‌స్కోర్ కంపెనీ, అమెరికా సైన్యం 1911లో తీసుకున్న బ్రౌనింగ్ పిస్తోలుకి నకలు చేసి రాక్ ఐలండ్ పేరుతో పంపుతుంది. అదీ కాకపోతే బ్రెజిల్ టారస్. కొన్ని 300 డాలర్ల లోపే, కొన్ని 400 పైచిలుకు. గ్లాక్ 19 కొనాలంటే 500 దాటిపోతుంది. "ఇండియాల నిర్భీక్ రివాల్వర్ ఎంతకు దింపిన్రో ఎరుకేనా? 2014ల లక్షా ఇరవై రెండు వేలు! గా పైసలకు నేను ఇక్కడ నలుగురికి తలా ఒకటి పెడత."

ఎన్ని కోతలు కోసినా రాములన్న చెప్పేవాటిలో అక్కడక్కడ అసలు సరుకు దొరుకుతుంది. పిస్తోలుకీ వీసా ఇంటర్వ్యూ ఉంటుందని ఆయన చెబితే నేను నమ్మలేదు. తీరా చూస్తే నిజమే. 1968 నాటి తుపాకుల చట్టం ప్రకారం బయటి దేశపు తుపాకి లోపలికి రావాలంటే అది క్రీడలకి పనికొచ్చేదై ఉండాలి. ఆ సంగతి తేల్చడానికి ఏటీఎఫ్ అనే ఫెడరల్ శాఖ దగ్గర మార్కుల పట్టీ ఉంది. పిస్తోలుకి 75 వస్తే పాసు, రివాల్వర్‌కి 45. ఔన్సు బరువుకి ఒక మార్కు. పొడవులో ఆరంగుళాలు దాటిన ప్రతి పావు అంగుళానికీ ఒకటి. 9 ఎంఎం అయితే పది. గురి సర్దుకునే సైటు ఉంటే ఇంకో పది దాకా. 1986లో ఆస్ట్రియా నుంచి గ్లాక్ కూడా ఈ మార్కుల కోసమే తిప్పే సైటు తగిలించుకుని దిగింది. మనకేమో వీసా లాటరీ, పిస్తోలుకేమో మార్కులు! ఎంసెట్ రాసి పుట్టిన జాతిని లాటరీలో నిలబెట్టి, ఇనప ముక్కకి పరీక్ష పెట్టిన దేశం ఇది.

ఆ రోజు మా ఇంట్లో సాయి కూడా ఉన్నాడు. భీమవరం కుర్రాడు, హెచ్-1బి మీద వచ్చి రెండేళ్ళయింది. నాకూ ఒకటి కావాలన్నాడు. "నా పేరు మీద నేను కొంట, నువ్వు పైసలియ్యి, గంతే" అన్నాడు రాములన్న. మా ఆవిడ పన్నుల కాగితాలు చూసే ఉద్యోగంలో ఉంది. సంతకం పెట్టే ముందు కాగితం చదవడం ఆమెకున్న దురలవాటు. తుపాకి కొట్లో నింపే 4473 ఫారం తెరిచి, కొనేది నిజంగా నీ కోసమేనా అనే ప్రశ్న దగ్గర వేలు పెట్టింది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గాని, తూటా గాని దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. అలాంటివాడి కోసం ఇంకొకడు తన పేరున కొనిపెడితే, 2022 చట్టం ప్రకారం 15 ఏళ్ళ దాకా జైలు. రాములన్న టీ కప్పు కింద పెట్టి మంచినీళ్ళు అడిగాడు.

గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఆయనకి ఇంకో దారి కనిపించింది. వీసాల మీద ఉన్నవాళ్ళ నిషేధానికి ఒక మినహాయింపు ఉంది: చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. టెక్సాస్‌లో ఉండేవాళ్ళకి పాతిక డాలర్లు. ఆగస్టు 31తో గడువు తీరుతుంది. సెప్టెంబరు 1న మర్చిపోతే బల్ల సొరుగులో పిస్తోలున్నవాడు మళ్ళీ నేరస్తుడే. సాయి కార్తీకమాసం వస్తే కోడిగుడ్డు పక్కన కూడా నిలబడడు. వాడికి వేటగాడి లైసెన్సు! వాడు ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే వద్దని మెసేజ్ పెట్టాడు. టెక్సాస్ జింకలకి ఆ సంగతి ఎవరైనా చెప్పాలి.

నాది గ్రీన్‌కార్డు కనక నేను తప్పించుకోలేకపోయాను. జనవరిలో ఒక శనివారం ఊరి బయట ఉన్న షూటింగ్ రేంజికి బయల్దేరాం. ఫారెన్‌హీట్‌లో నలభై డిగ్రీల చలి. డిక్కీలో రాములన్న కనకం ఒక మిఠాయి డబ్బాలో ఉంది. తాళం పెట్టె యాభై డాలర్లని ఆయన కొనలేదు.

రేంజిలో రాములన్న చెవులకి డిప్పలు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, కాళ్ళు ఎడంగా వేసి, అచ్చం పిట్టలదొరలా నిలబడి ట్రిగ్గర్ నొక్కాడు. ఒకటి పేలింది. రెండోది పేలలేదు. ఖాళీ గుండు తొడుగు బయటికి ఎగరకుండా, పైన పొగగొట్టంలా నిటారుగా ఇరుక్కుపోయింది. తట్టి, లాగి, మళ్ళీ కాల్చాడు. మళ్ళీ పొగగొట్టం.

"చూసినవా, టర్కీ మాల్!" అన్నాడు. నిన్నటిదాకా వాల్తర్ మేనకోడలు, ఇవాళ టర్కీ మాల్.

తెల్లగడ్డం రేంజి ఆఫీసరు వచ్చి పిస్తోలు అందుకున్నాడు. మ్యాగజైన్ దింపి, స్లైడు వెనక్కి లాగబోయాడు. అది ఒళ్ళు విరుచుకుంటున్నట్టు బద్ధకంగా కదిలింది. లోపల వేలు పెట్టి తీసి చూసుకున్నాడు. వేలికి తెల్లటి పేరుకున్న ముద్ద. వాసన చూశాడు.

"సార్, మీ పిస్తోలు కేకు వాసన వస్తోందేమిటి?"

కొబ్బరినూనె! తుపాకి నూనె చిన్న సీసా ఎనిమిది డాలర్లని, ఇంట్లో ఉన్న కొబ్బరినూనె పట్టించాడు రాములన్న. చలికాలంలో మా అమ్మ కొబ్బరినూనె సీసా ఎండలో పెట్టి కరిగించేది. అలాంటిది టెక్సాస్ జనవరిలో డిక్కీలో పెడితే పేరుకోక ఏం చేస్తుంది?

ఆఫీసరు ఇంకా లోపలికి చూసి, "ఈ ఎర్రటిది ఏమిటి, తుప్పా?" అన్నాడు.

"కాదు, దేవుడు" అన్నాడు రాములన్న వినయంగా. దసరాకి ఆయుధపూజ చేసి పెట్టిన కుంకుమ అది. జనవరి దాకా తుడవలేదు.

ఆఫీసరు గుడ్డపెట్టి అంతా తుడిచి, తన సీసాలోంచి రెండు చుక్కల నూనె వేసి ఇచ్చాడు. ఆ తర్వాత యాభై గుళ్ళ పెట్టె మొత్తం అయిపోయేదాకా పిస్తోలు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

నా వంతు వచ్చింది. ఎడమ బొటనవేలు స్లైడు వెనక అడ్డంగా పెట్టబోతే ఆఫీసరు చేయి పట్టి ఆపాడు. అక్కడ పెడితే వెనక్కొచ్చే స్లైడు వేలిని కోస్తుందట. కాల్చిన గుళ్ళన్నీ గురి అట్ట కింద మట్టిలోకి పోయాయి. పేలకముందే నేను ఉలిక్కిపడి చేయి కిందికి వంచుతున్నానట. మణికట్టు మెత్తగా పడితే మంచి తుపాకికీ ఆ పొగగొట్టం జబ్బు వస్తుందనీ, అరచేతిలో ఇమిడే బుల్లి పిస్తోలు ముద్దుగా ఉన్నా పెద్దదానికంటే గట్టిగా తంతుందనీ అప్పుడే తెలిసింది. ఆఫీసరు నా చేతికి అద్దె పిస్తోలు ఒకటి ఇచ్చాడు. పాయింట్ 22. పెద్దగా మోత లేదు, తాపు లేదు. పది గుళ్ళలో ఏడు అట్టకి తగిలాయి. చిన్నప్పుడు తిరనాళ్ళలో బుడగలు కాల్చినప్పటి ఆనందం మళ్ళీ ఇన్నేళ్ళకి కలిగింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ కాస్ట్‌కో రసీదు వెనక లెక్క వేసింది. పిస్తోలు 300, దానిమీద పన్ను. ఏడాదిలో వెయ్యి గుళ్ళయినా కాల్చకపోతే చేయి కుదరదు. 9 ఎంఎం గుండు పాతిక సెంట్ల పైమాటే, అంటే గుళ్ళకే ఇంకో పిస్తోలు ఖరీదు. పాయింట్ 22కి అందులో మూడో వంతు చాలు. పైన నేర్పేవాడికి, రేంజికి, తాళం పెట్టెకి. చిట్టచివర "నూనె: 8" అని రాసి కింద రెండు గీతలు గీసింది. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర గీచులాడటమంటే ఇదే.

రాములన్న ఆ రసీదు చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "1999ల వైటూకే పనికి వచ్చిన తమ్మీ. మా మేనేజరు నన్ను చూసి, ఎక్కడినుంచో తెచ్చిన చవక మాల్, నడుస్తదా నడవదా అన్నట్టు చూసిండు. నడిచిన గద? ఇరవై ఐదేండ్లు నడిచిన. అందుకే నాకు ఈ టర్కీ పిస్తోలు మీద ఎవడన్నా మాట అంటే కోపమొస్తది."

రేంజిలో మొదట మాటన్నది ఆయనే అని గుర్తు చెయ్యబోయి ఊరుకున్నాను. ఆయన చెప్పింది నిజం. ఎవరో కూర్చోబెట్టి పని నేర్పబట్టే ఆయనా నడిచాడు.

కాబట్టి కొత్తగా కాల్చడం నేర్చుకునేవాడు చవక దిగుమతి పిస్తోలు కొనవచ్చా అంటే, కొనవచ్చు. ఇవాళ టర్కీ, ఫిలిప్పీన్స్ సరుకు తీసిపారేసేది కాదు. స్పేర్ మ్యాగజైన్, ఒర దొరుకుతాయో లేదో ముందే అడగండి. తుపాకి మీద దిగుమతిదారు పేరు, ఊరు చెక్కి ఉంటాయి. రేపు రిపేరొస్తే జవాబు చెప్పేది వాళ్ళే. కానీ కొనడం రెండో పని. మొదట రెండు శనివారాలు అద్దె పాయింట్ 22తో, నేర్పేవాడి పక్కన నిలబడి కాల్చండి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, చట్టం అడ్డురాని మనిషికి 21 నిండితే చాలు, లైసెన్సు లేకుండానే పిస్తోలు పెట్టుకుని తిరగవచ్చు. కారు నడపడానికి పరీక్ష పెట్టే రాష్ట్రం దీనికి పెట్టదు కనక ఆ పరీక్ష మనమే పెట్టుకోవాలి. 17 ఏళ్ళలోపు పిల్లలకి అందేలా గుళ్ళున్న తుపాకి వదిలేసి, అది వాళ్ళ చేతికి చిక్కితే మాత్రం ఇక్కడా నేరమే. తాళం పెట్టెకి డబ్బుల్లేనివాడికి పిస్తోలుకీ లేనట్టే లెక్క.

నేనింకా కొనలేదు. ఇంటికి కెమెరా వచ్చింది, బంగారం బ్యాంకు లాకర్లోకి వెళ్ళింది. నెలకోసారి రాములన్నా నేనూ రేంజికి వెళ్తున్నాం. ఆయన పిస్తోలు ఇప్పుడు తాళం పెట్టెలో వస్తోంది, పక్కన ఎనిమిది డాలర్ల సీసా. కొబ్బరినూనె తలకే రాస్తున్నాడు.