900 మిల్లీమీటర్ల లోతు

కొత్తలో కోటి రూపాయలు పలికిన బండి తొమ్మిదేళ్ళు తిరిగేసరికి కొత్త ఇన్నోవా కంటే తక్కువకు వస్తుంది. మధ్యతరగతి మగాడికి నిద్ర పట్టకుండా చేయడానికి ఈ ఒక్క మాట చాలు. మా బావమరిదికి సరిగ్గా అలాగే పట్టలేదు. కోటిలోంచి పాతిక తీసేస్తే డెబ్భై అయిదు లక్షలు మిగిలినట్టే కదా బావా, అంటాడు. ఆ మిగిలిన డెబ్భై అయిదూ ఏ బ్యాంకులో ఉన్నాయో చూపించమని వాళ్ళావిడ అడిగితే, "అది అర్థం కావాలంటే కొంచెం ఫైనాన్స్ తెలియాలి" అన్నాడు. ఆవిడ చార్టర్డ్ అకౌంటెంటు.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న పెద్దలు ఇలాంటి బండిని చూసి ఉండరు. ఈ ఏనుగు బతికుండగానే ముప్పాతిక విలువ పోగొట్టుకుంటుంది, మేత మాత్రం కొత్త ఏనుగంతా తింటుంది. బండి రేటుకు వయసు మీద పడుతుంది గానీ స్పేర్ పార్టు రేటుకు పడదు. హెడ్‌లైటు పగిలిందనుకోండి, పాపం పాతిక లక్షలకు కొన్నాడు కదా అని పావు ధరకు ఇవ్వరు. కోటి రూపాయల బండి హెడ్‌లైటుకు ఎంతో అంతే. ఈ ముక్క నేను ముందే చెప్పాను. చెప్పినందుకు శిక్షగా, "నీకు ఇవన్నీ తెలుసు కాబట్టి నువ్వే రావాలి" అంటూ ఆదివారాలన్నీ నన్ను వెంటేసుకు తిరిగాడు.

మామూలు లగ్జరీ బండి వాడికి పనికిరాదు. కొండలెక్కాలి, వాగులు దాటాలి. వాడి ఇల్లు నిజాంపేటలో, ఆఫీసు గచ్చిబౌలిలో. దారిలో ఉన్న కొండలన్నీ ఫ్లైఓవర్లే. అయినా ఏ బండి ముందు బంపరు ఎంత వాలు దాకా నేలకు తగలదో, నాలుగు చక్రాల్లో రెండు గాల్లో ఉన్నప్పుడు డిఫరెన్షియల్ లాకు ఏం చేస్తుందో, లో రేంజ్ గేరు ఎప్పుడు వేయాలో కంఠతా పట్టాడు. అన్నింటికంటే వాడికి నచ్చింది నీళ్ళ లోతు. కొన్ని రేంజ్ రోవర్లూ డిస్కవరీలూ 900 మిల్లీమీటర్ల నీళ్ళలో నడిచిపోతాయట. అంటే దాదాపు మూడడుగులు. ఆ అంకె చెప్పేటప్పుడు వాడి గొంతులో పదో తరగతి ర్యాంకు చెప్పే తండ్రి వినిపిస్తాడు.

చరిత్ర కూడా చదివాడు. 1947లో మారిస్ విల్క్స్ అనే ఇంజనీరు వేల్స్‌లోని యాంగిల్సీ దీవిలో, సముద్రపు ఒడ్డున ఇసుక మీద బండి బొమ్మ గీసి అన్నకు చూపించాడు. మరుసటేడు ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో అది ల్యాండ్ రోవర్‌గా నిలబడింది. యుద్ధం తర్వాత ఉక్కు కరువు, అందుకని ఒళ్ళంతా అల్యూమినియం. రైతు పొలంలోకి తీసుకుపోవాలి, దాని ఇంజనుకు తగిలించి యంత్రాలు ఆడించుకోవాలి, అదీ ఆలోచన. ఇదంతా మా మామగారు పడక కుర్చీలో శ్రద్ధగా విన్నారు.

"అయితే అది సేద్యానికి చేసిన బండన్నమాట."

"అవును నాన్నా!"

"మన పొలం అమ్మేసి కదరా నువ్వు ఫ్లాటు కొన్నావు?"

వాడు తగ్గలేదు. 1970లో మొదటి రేంజ్ రోవర్ వచ్చినప్పుడు లోపలంతా గొట్టం పెట్టి నీళ్ళతో కడిగేసుకునేలా చేశారని, ఆ తర్వాత దాన్నే పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారని చెప్పాడు. ఇలాంటి బండి రోడ్డు మీద కంటే అక్కడ ఉంటేనే యజమానికి చవక అని నాకనిపించింది, పైకి అనలేదు. 1951లో టొయోటా వాళ్ళు ఫ్యూజీ పర్వతం ఆరో మజిలీ దాకా ఎక్కించిన జీపులాంటి బండే తర్వాత ల్యాండ్ క్రూజర్ అయిందన్నాడు. 1979 నుంచి ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో తయారయ్యే మెర్సిడెస్ జీ-వాగన్‌కు మూడు డిఫరెన్షియల్ లాకులన్నాడు. చివరికి దేశభక్తి తీశాడు. "నాన్నా, జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ని 2008లో ఫోర్డ్ దగ్గర మన టాటావాళ్ళే కొనేశారు. ఇప్పుడది మనదే."

"అలాగా. స్పేర్లు టాటా ఏస్ రేటుకే ఇస్తారేమో కనుక్కో" అన్నారు మామగారు.

బళ్ళు చూడటం మొదలుపెట్టాక నాకు తెలిసిందేమిటంటే, ఈ దేశంలో లగ్జరీ బళ్ళన్నీ డాక్టర్లే కొని డాక్టర్లే అమ్ముతున్నారు. ఏ బ్రోకరును కదిపినా అదే మాట. "డాక్టర్ గారి బండి సార్. సింగిల్ ఓనర్. ఇల్లు, ఆస్పత్రి, అంతే. సర్వీసంతా షోరూంలోనే." మీటరు మీద 38,000 కిలోమీటర్లుంటుంది. బ్రేకు పెడల్ మీది రబ్బరు అరిగి ఇనుము కనిపిస్తూ ఉంటుంది. స్టీరింగ్ తోలు నున్నబడి మెరుస్తూ ఉంటుంది. టైరు మీద ఓ మూల నాలుగంకెలు అచ్చుపోసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారం తయారైందని అర్థం. డాక్టరుగారు ఇల్లూ ఆస్పత్రీ మధ్యే తిరిగి టైర్ల సెట్టు మొత్తం ఎలా మార్చాల్సి వచ్చిందో ఏ బ్రోకరూ చెప్పలేదు. పోలీసుల వెబ్‌సైట్లో చలాన్లు చూస్తే అన్నీ అర్ధరాత్రి ఔటర్ మీద ఓవర్ స్పీడ్. "ఎమర్జెన్సీ కేసులుంటాయి కదా సార్" అన్నాడు ఒకడు. ఆ డాక్టరుగారు చర్మవ్యాధుల నిపుణుడు.

డాక్టర్లు కానివాళ్ళు ఢిల్లీలో ఉంటారు. పదేళ్ళు నిండిన డీజిల్ బళ్ళు దేశ రాజధానిలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు సరేనంది. తొమ్మిదో ఏడు దాటిన బళ్ళన్నీ కాశీయాత్రకు బయల్దేరినట్టు, కాకపోతే దక్షిణం వైపు, బయల్దేరాయి. రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. తర్వాత అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్స్, మళ్ళీ రిజిస్ట్రేషన్, బ్యాంకు అప్పు తీరినట్టు ఇంకో కాగితం కలిపితే, అప్పుడు తిరిగిన కళ్ళు వెనక్కి తిరుగుతాయి. పాత ఓనరుకు ఇన్సూరెన్సులో సగానికి సగం నో క్లెయిమ్ బోనస్ ఉందని మురిసిపోయాడు మావాడు. ఆ బోనస్ మనిషికి గానీ బండికి కాదని, అమ్మినాయన దాన్ని జేబులో వేసుకుని పోతాడని వాళ్ళావిడ, అదే మా చెల్లెమ్మే, చెప్పాల్సి వచ్చింది.

ఇక మునిగిన బళ్ళు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో పడ్డ వానకు సెల్లార్లలో ఎన్ని బళ్ళు మునిగాయో అందరం చూశాం. అవి ఎక్కడికీ పోలేదు, పాలిష్ పెట్టించుకుని తిరిగి వచ్చాయి. పట్టుకోవడానికి మెకానిక్ భాయ్ నాకో కిటుకు నేర్పాడు. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగాలి. పైనున్న జానెడూ అందరూ ఉతుకుతారు, లోపల చుట్టుకున్నదాన్ని ఎవరూ ఉతకరు. ఒక బండిలో అలా లాగితే బెల్టు మీద బురద గీత కనిపించింది, అడ్డంగా, నీటిమట్టం గుర్తు పెట్టినట్టు. మా బావమరిది దాన్ని వేలితో కొలిచి, "చూశావా బావా, ఇంత నీళ్ళు తట్టుకుంది" అన్నాడు.

భాయ్ గురించి చెప్పాలి. పాతికేళ్ళుగా పెద్ద బళ్ళే చూస్తున్నాడు, తను మాత్రం స్ప్లెండర్ మీద వస్తాడు. నా దృష్టిలో ఇంతకుమించిన సర్టిఫికెట్ లేదు. బండి కింద దూరడు, బానెట్ కూడా వెంటనే తెరవడు. ముందు టీ తాగుతూ దూరం నుంచి చూస్తాడు. తర్వాత స్టీరింగ్ కింద స్కానర్ గుచ్చుతాడు. ఒకచోట అలా గుచ్చితే తెర మీద తప్పుల జాబితా పైకి పోతూనే ఉంది, ఆగదు.

"అవన్నీ సెన్సార్ ప్రాబ్లమ్ అన్నా, బండికేం కాలేదు" అన్నాడు బ్రోకరు.

"బండి పెయ్యంత సెన్సార్లే ఉన్నయ్ మరి" అన్నాడు భాయ్.

గాలితో పనిచేసే సస్పెన్షన్ ఉన్న బండిని పగలు చూసి లాభం లేదంటాడు. రాత్రంతా ఆపి తెల్లారి చూడాలె, గాలి కారుతుంటే ఒక మూల కుంగి ఉంటది, స్టార్ట్ చేయంగనే కంప్రెసర్ గాలి కొట్టి లేపేస్తది, అందుకే మీరొచ్చే టైముకు వాళ్ళు ఇంజన్ నడుపుతనే ఉంటరు అని వివరించాడు. ఆ తర్వాత మేం చెప్పాపెట్టకుండా పొద్దున్నే వెళ్ళడం మొదలుపెట్టాం. మూడు చక్రాల మీద ఠీవిగా, నాలుగో చక్రం మీద కూలబడి, ఎన్ని కోటి రూపాయల బళ్ళో.

చివరికి ఒకటి కొన్నాడు. ఏ కంపెనీదో రాయను. రాస్తే రిపేరు బిల్లులు ఇంకా చూడనివాళ్ళు ఇంట్లో ఉన్నారు. నిజంగా మంచి బండే. తలుపు వేస్తే బ్యాంకు లాకరు మూసిన చప్పుడొస్తుంది. సీట్లో కూర్చుంటే సిటీ బస్సు డ్రైవరు కళ్ళలోకి సూటిగా చూడొచ్చు.

అపార్టుమెంటులో పార్కింగ్ గళ్ళు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు. బండి పొడవు దాదాపు అంతే, అద్దాలు తెరిస్తే వెడల్పు రెండుంపావు. లోపలికి పెట్టడం వచ్చింది, దిగడం రాలేదు. ఒక పక్క స్తంభం, ఇంకో పక్క పైఫ్లోరు వాళ్ళ బలేనో. వాడు వెనక సీట్ల మీంచి పాకి డిక్కీలోంచి బయటపడుతుంటే, చెల్లెమ్మ నాతో అంది: "అన్నయ్యగారూ, ఆఫ్ రోడింగ్ అంటే ఇదేనా?"

పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఒకటుంది. బండి వేగంగా, వేడిగా నడిస్తే ఆ మసి లోపలే కాలిపోతుంది. నిజాంపేట ట్రాఫిక్‌లో ఫస్ట్ గేర్లో పాకితే పేరుకుపోతుంది. అందుకని అప్పుడప్పుడూ ఔటర్ మీద తిప్పుకురమ్మన్నాడు భాయ్. ఔటర్ చుట్టూ 158 కిలోమీటర్లు. జనం తిరుపతికి వెళ్ళే శ్రద్ధతో మావాడు తెల్లవారుజామున లేచి, స్నానం చేసి, టోలు కట్టి, ఎక్కడికీ వెళ్ళకుండా తిరిగొస్తాడు.

వాన రానే వచ్చింది. కాలనీ మెయిన్ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. కాలనీ వాట్సాప్ గ్రూపు మొత్తం మా బావమరిది వైపు తిరిగింది. మీది 900 మిల్లీమీటర్లు కదా సార్, మా పిల్లల్ని స్కూలు నుంచి తెస్తారా, మా అత్తగారిని డయాలసిస్‌కి దింపుతారా. వాడు బాల్కనీలో నిలబడి నీళ్ళ వైపు చాలాసేపు చూశాడు.

"నీళ్ళ లోతు తెలుసు బావా. నీళ్ళ కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలియదు. రెండూ కలిపితే తొమ్మిది వందలు దాటుతుంది."

పైగా ఇంజన్లోకి నీళ్ళు పోతే మామూలు ఇన్సూరెన్సులో పైసా రాదు, దానికి విడిగా ఇంజన్ ప్రొటెక్ట్ కట్టాలి. కట్టలేదు. చివరికి ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో నడిచి, జేఎన్‌టీయూ స్టేషన్లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి ఆఫీసుకు వెళ్ళాడు. ఇంతవరకూ మా కుటుంబంలో వాగు దాటింది బండి కాదు, వాడే.

నిజం చెప్పాలంటే ఆ బండి విద్యల్లో రోజూ పనికొచ్చేది ఒక్కటే. ఎక్కేటప్పుడు మీట నొక్కితే బండి కాస్త కిందికి వంగుతుంది. మామగారి మోకాళ్ళకు అది ప్రాణం. వంగగానే ఆయన చాలా హుందాగా ఎక్కి, "కోటి రూపాయలు పెట్టినాయన ఎవరో గానీ పెద్దలంటే గౌరవమున్నవాడు" అంటారు. మొన్నో పెళ్ళికి వెళ్తుంటే వంగింది, ఆయన ఎక్కారు, మళ్ళీ లేవలేదు. భాయ్‌కి ఫోన్ చేస్తే, "పెద్దాయనను దింపి చూడుండ్రి" అన్నాడు. మామగారు దిగనన్నారు. అలాగే వంగి నడుచుకుంటూ, ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా కడుపు రాసుకుంటూ ఫంక్షన్ హాలు చేరాం.

ఆ రిపేరు అయ్యాక, ఈసారైనా మట్టి చూపిద్దామని మూసీ పుట్టే అనంతగిరి కొండల వైపు, వికారాబాద్ దాకా తీసుకెళ్ళాడు. తారు రోడ్డు వదిలి ఎర్రమట్టి బాట పట్టాం. బాట మధ్యలో వాన కోసిన గండి, దాని అవతల రాళ్ళు. వాడు బండి ఆపి, దిగి, వంగి చూసి, ఫోన్లో కోణం కొలిచి, మళ్ళీ ఎక్కి, లో రేంజ్ వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ దిగాడు. కొత్త టైర్ల అంచు రాయికి కోసుకుంటే ఒక్కోటి ఎంతో వాడికి తెలుసు. ఈలోగా వెనక నుంచి ఒక పెద్దమనిషి టీవీఎస్ ఎక్సెల్ మీద, ముందు యూరియా బస్తా, వెనక గడ్డిమోపుతో వచ్చాడు. గండిని చూడనుకూడా చూడలేదు, దాటేశాడు. అవతలికి వెళ్ళాక మా అవస్థ చూసి ఆగాడు.

"ఏమైంది సార్, ఖరాబైందా?"

"లేదన్నా, చూస్తున్నా."

ఆయన కూడా బండిని కిందా మీదా తేరిపార చూశాడు. "ఎంతిస్తది లీటరుకు?"

మావాడు గొంతు సవరించుకున్నాడు. "టౌన్లో ఆరు."

ఎక్సెల్ ఆయన నవ్వలేదు. జాలిగా తలూపాడు. "అమ్ముతరా మల్ల? మా ఊరి డాక్టర్ సాబ్ ఉన్నడు, సిటీల ఉంటడు. గిసొంటి బండి కోసమే దేవులాడుతుండు."

మా బావమరిది నా వైపు చూడకుండా ఫోను తీసి నంబరు ఎక్కించుకున్నాడు.